అంతర్జాతీయ మానవ హక్కుల చట్టం ఎలా చదవాలి: ఒక గల్ఫ్ పాస్‌పోర్టుతో మొదలుపెట్టండి

మానవ హక్కుల చట్టం చదవాలనుకునే వాళ్లలో ఎక్కువమంది ముందుగా ఒప్పందాల జాబితా బట్టీ పడతారు. 1948లో విశ్వ మానవ హక్కుల ప్రకటన, 1966లో రెండు ఒడంబడికలు (ఒకటి పౌర, రాజకీయ హక్కుల మీద, ఇంకొకటి ఆర్థిక, సామాజిక హక్కుల మీద), 1979లో మహిళలపై వివక్ష నిర్మూలన ఒప్పందం, 1989లో బాలల హక్కుల ఒప్పందం, ఏది ఎప్పుడు అమల్లోకి వచ్చింది, ఏ కమిటీ ఎక్కడ కూర్చుంటుంది. పోటీ పరీక్షకి ఇది సరిపోవచ్చు. కానీ ఇలా చదివిన మనిషిని "జగిత్యాల నుంచి గల్ఫ్ వెళ్లిన కార్మికుడి పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకుంటే అంతర్జాతీయ చట్టం ఏమంటుంది, ఎవరిని అడగాలి, అడిగితే ఏమవుతుంది" అని అడిగితే జవాబు దొరకదు, ఎందుకంటే ఆ జాబితాలో దేశాలూ తేదీలూ ఉంటాయి కానీ మనుషులు ఉండరు, రాజకీయం అసలే ఉండదు.

అందుకే నా సలహా ఒక్కటే. ఒక సమస్య పట్టుకోండి, దాని వెంట ఊరి నుంచి, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీలు కూర్చునే జెనీవా దాకా వెళ్లి మళ్లీ ఊరికి రండి. ఒక్కసారి పూర్తిగా తిరిగొస్తే మిగతా ఒప్పందాలన్నీ ఎలా చదవాలో మీకే తెలుస్తుంది. నేను ఇక్కడ గల్ఫ్ వలసను తీసుకుంటున్నాను, ఎందుకంటే ఉత్తర తెలంగాణలో గానీ, కోనసీమలో గానీ, కడప వైపు గానీ ఈ సమస్య తెలియని ఊరు తక్కువ, కార్మికులతో తెలుగులోనే మాట్లాడొచ్చు, పైగా ఈ ఒక్క అంశంలోనే చట్టం చేసే పనీ చేయలేని పనీ రెండూ కనిపిస్తాయి. మీకు వెట్టిచాకిరీ మీదో, కస్టడీ మరణాల మీదో, ఆదివాసీ భూముల మీదో ఆసక్తి ఉంటే అది తీసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

ముందు సమస్యను మామూలు మాటల్లో రాసుకోండి

"వలస కార్మికుల హక్కులు" అని రాస్తే పని జరగదు. "యజమాని పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకున్నాడు, మూడు నెలల జీతం ఆపాడు, వేరే కంపెనీకి పోనివ్వడు" అని రాయండి. ఇప్పుడు ఇందులో ఎవరెవరు ఉన్నారో విడదీయండి: కార్మికుడు, ఊళ్లో అప్పిచ్చినవాడు, ఏజెంటు, కఫీల్ (వీసాకు పూచీ ఉన్న అక్కడి యజమాని), అక్కడి ప్రభుత్వం, ఇక్కడి ప్రభుత్వం. కొత్తగా చదివేవాళ్లు తడబడేది ఇక్కడే. మానవ హక్కుల ఒప్పందాలు కట్టిపడేసేది ప్రధానంగా ప్రభుత్వాలను. కఫీల్ మీద జెనీవాలో కేసు వేయలేరు, ఏజెంటు మీద అంతకన్నా వేయలేరు. అడగాల్సిన ప్రశ్న వేరు: యజమాని ఇలా చేయగలిగే పరిస్థితిని ఏ ప్రభుత్వం కల్పించింది, ఏ ప్రభుత్వం చూస్తూ ఊరుకుంది?

ఈ ప్రశ్నకు జవాబు కఫాలా విధానంలో ఉంది. గల్ఫ్‌లో విదేశీ కార్మికుడి వీసా, అఖామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు) రెండూ ఒక స్థానిక యజమాని పూచీ మీద నడుస్తాయి. చాలాచోట్ల అతని అనుమతి లేకుండా వదిలి బయటికొస్తే కార్మికుడు చట్టవిరుద్ధంగా ఉంటున్నట్టు లెక్క, మనవాళ్ల మాటల్లో ఖల్లివెల్లి. సౌదీలో అయితే యజమాని "పారిపోయాడు" అని ఫిర్యాదు ఇస్తే హురూబ్, అంటే పరారీ అయినట్టు నమోదు, పడుతుంది. అంటే జీతం ఇవ్వనివాడు నేరస్తుడు కావడానికి ముందే, జీతం అడిగినవాడు నేరస్తుడవుతున్నాడు. కొట్టడం, తిట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం లాంటివి ఒక దుర్మార్గుడైన యజమాని చేసిన పనులుగా కనిపిస్తాయి, కానీ ఆ యజమానికి అంత అధికారం చేతికిచ్చింది చట్టమే. సమస్యను ఇలా చూడటం వచ్చిందంటే సగం చదువు అయిపోయినట్టే.

ఒప్పందం పాఠం మొత్తం చదవండి

ఎవరో రాసిన సారాంశం కాదు, అసలు పాఠమే. ఇందులో కష్టం ఏమీ లేదు, చాలా ఒప్పందాలు ఒక సాయంత్రంలో అయిపోతాయి. పాస్‌పోర్టు సంగతికి సూటిగా వర్తించేది 1990 డిసెంబరు 18న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వలస కార్మికుల, వారి కుటుంబాల హక్కుల ఒప్పందం. దాని 21వ అధికరణం చట్టం అధికారమిచ్చిన ప్రభుత్వ అధికారి తప్ప ఇంకెవరు గుర్తింపు పత్రాలు లాక్కున్నా అది చట్టవిరుద్ధమే అంటుంది. చదవగానే సమస్య తీరిపోయినట్టు అనిపిస్తుంది.

ఆ తర్వాత ఎవరు చేరారో చూడండి. ఒక్క గల్ఫ్ దేశమూ చేరలేదు. ఇండియా చేరలేదు. పశ్చిమ యూరప్‌లోని ధనిక దేశాలు చేరలేదు. దాదాపు 60 దేశాలు చేరితే అందులో ఎక్కువ ఫిలిప్పీన్స్, శ్రీలంక, మెక్సికో లాంటి, మనుషుల్ని పంపే దేశాలే. 1990లో ఆమోదించిన ఒప్పందం అమల్లోకి రావడానికి 2003 జూలై దాకా పట్టింది. పనివాళ్లు కావాలి కానీ వాళ్లతోపాటు వచ్చే బాధ్యత వద్దనుకునే దేశాలు ఒక ఒప్పందాన్ని ఎలా పక్కన పెడతాయో తెలుసుకోవాలంటే ఈ చేరినవాళ్ల జాబితా చదివితే చాలు. ఇండియా సంగతి ఇంకా ఆలోచించాల్సింది. లక్షలమందిని పంపుతూ కూడా ఎందుకు చేరలేదు? కారణాలు మీరే వెతకండి. ఒక దారి చెప్తాను: ఈ ఒప్పందం పంపే దేశానికే కాదు, మన దేశంలోకి వచ్చి పనిచేసే విదేశీయులకూ వర్తిస్తుంది.

సూటిగా వర్తించే ఒప్పందం లేనప్పుడు పక్క దారులు వెతకాలి, నిజమైన చదువు అక్కడ మొదలవుతుంది. బలవంతపు చాకిరీ మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో చేసిన 29వ ఒప్పందం ఉంది, దానిలో గల్ఫ్ దేశాలూ ఇండియా కూడా ఉన్నాయి. శిక్ష పడుతుందన్న బెదిరింపుతో, ఇష్టం లేకుండా చేయించే పని ఏదైనా బలవంతపు చాకిరీ అని అది చెప్తుంది. అదే సంస్థ బలవంతపు చాకిరీని గుర్తుపట్టడానికి 11 గుర్తులు ఇచ్చింది, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం, జీతం ఆపడం, అప్పుతో కట్టేయడం మూడూ అందులో ఉన్నాయి. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 8వ అధికరణం బలవంతపు పనిని నిషేధిస్తుంది, 12వ అధికరణం ఏ దేశం నుంచైనా బయటికెళ్లే స్వేచ్ఛ ఇస్తుంది. దీనిలో కువైట్ 1996లో, ఖతర్ 2018లో చేరాయి. సౌదీ, యూఏఈ ఇప్పటికీ చేరలేదు. అంటే ఒకే ఊరి నుంచి వెళ్లిన ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకరికి ఈ అధికరణం పనికొస్తుంది, ఇంకొకరికి పనికిరాదు, వీసా ఎక్కడ దొరికిందన్నదాన్ని బట్టి.

సంతకం పక్కన రాసిన షరతులు వదలకండి

దేశాలు ఒప్పందంలో చేరేటప్పుడు "ఇది మాకు వర్తించదు, దీన్ని మేం ఇలా అర్థం చేసుకుంటాం" అని రాతపూర్వకంగా చెప్పొచ్చు. చదివేవాళ్లలో చాలామంది దీన్ని దాటేస్తారు. నేనైతే అధికరణాల కన్నా ముందు ఇవే చదవమంటాను, ఆ ప్రభుత్వం దేనికి భయపడుతోందో ఇక్కడ దాచకుండా రాసి ఉంటుంది. ఆర్థిక, సామాజిక హక్కుల ఒడంబడికలో చేరేటప్పుడు కువైట్ సామాజిక భద్రత తన పౌరులకే అని చెప్పింది. ఆ దేశంలో పనిచేసేవాళ్లలో అత్యధికులు విదేశీయులు అని గుర్తుంచుకుని ఆ వాక్యం మళ్లీ చదవండి.

మనదీ చూడండి. ఇండియా రెండు ఒడంబడికల్లోనూ 1979 ఏప్రిల్ 10న చేరింది, ఎమర్జెన్సీ ముగిసి జనతా ప్రభుత్వం ఉన్న రోజులవి. చేరుతూనే కొన్ని షరతులు పెట్టింది. స్వయం నిర్ణయాధికారం పరాయి పాలనలో ఉన్న ప్రజలకే అంది, విదేశీయుల విషయంలో మా చట్టమే చెల్లుతుంది అంది, అక్రమ నిర్బంధానికి నష్టపరిహారం అడిగే హక్కు మా దగ్గర లేదు అంది. ఈ చివరిది ఏమైందో తెలుసుకోండి. 1993లో నీలబతి బెహరా కేసులో సుప్రీంకోర్టు కస్టడీలో చనిపోయిన యువకుడి తల్లికి పరిహారం ఇప్పించింది, ఆ తర్వాత డి.కె. బసు కేసులో ఆ షరతుకు ఇక ప్రాధాన్యం లేదని చెప్పేసింది. ప్రభుత్వం మూసిన తలుపును కోర్టు తెరిచింది. అంతర్జాతీయ చట్టం మన ఊరికి ఇలాంటి దారుల్లో కూడా వస్తుంది, అది చూడాలంటే ఒప్పందాన్నీ తీర్పునూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. 1997 విశాఖ తీర్పు కూడా ఇలాగే చదవండి. పని చోట లైంగిక వేధింపుల మీద దేశంలో చట్టం లేనప్పుడు, ఇండియా 1993లో చేరిన మహిళల ఒప్పందాన్ని ఆధారంగా తీసుకుని కోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. దాని వెనక రాజస్థాన్ పల్లెలో బాల్యవివాహం ఆపబోయి సామూహిక అత్యాచారానికి గురైన భన్వరీ దేవి ఉంది, ఆమె వెనక మహిళా సంఘాల పోరాటం ఉంది. పార్లమెంటు చట్టం చేసేసరికి 2013 వచ్చింది.

ఖతర్ ఎందుకు మారింది?

రాజకీయ సందర్భం అంటే ఏమిటో పాఠంగా చెప్పడం కన్నా ఈ ఒక్క ఉదాహరణ వరుసగా చూస్తే బాగా అర్థమవుతుంది. కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదని ఖతర్ 2009 చట్టంలోనే ఉంది. అయినా పాస్‌పోర్టులు కంపెనీ బీరువాల్లోనే ఉండేవి. 2010 డిసెంబరులో ఆ దేశానికి 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ దక్కింది. స్టేడియాలు, మెట్రో, హోటళ్లు కట్టడానికి నేపాల్ నుంచి, బంగ్లాదేశ్ నుంచి, మన దగ్గర నుంచి కార్మికులు వెళ్లారు, వాళ్ల వెనకే ప్రపంచ పత్రికలు కూడా వెళ్లాయి. 2014 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక మహాసభలో కార్మిక ప్రతినిధులు ఖతర్ మీద ఫిర్యాదు వేశారు, 29వ ఒప్పందాన్నీ కార్మిక తనిఖీల మీద ఉన్న 81వ ఒప్పందాన్నీ ఉల్లంఘిస్తోందని. ఆ ఫిర్యాదు మీద విచారణ కమిషన్ వేస్తారా వేయరా అన్నది మూడేళ్లు వాయిదా పడుతూ వచ్చింది. 2017 జూన్‌లో సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి, ప్రపంచంలో మిత్రులు కావాల్సిన స్థితిలో ఖతర్ పడింది. అదే ఏడాది నవంబరులో కార్మిక సంస్థతో సహకార ఒప్పందం కుదిరి ఫిర్యాదు మూతపడింది. 2018లో దోహాలో ఆ సంస్థ కార్యాలయం తెరుచుకుంది, చాలామంది కార్మికులకు ఎగ్జిట్ పర్మిట్ (దేశం వదలడానికి యజమాని ఇవ్వాల్సిన అనుమతి) అక్కర్లేకుండా పోయింది, ఆ మినహాయింపు 2020లో ఇళ్లలో పనిచేసేవాళ్లకూ వచ్చింది. 2020 ఆగస్టులో యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారొచ్చన్నారు, 2021 మార్చి నుంచి నెలకు 1,000 రియాల్స్ కనీస వేతనం అమల్లోకి వచ్చింది, భోజనం, వసతి యజమాని ఇవ్వకపోతే దానికి అదనం. అదే ఏడాది వేసవిలో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఎండలో పని నిషేధించారు.

ఇప్పుడు మీరే అడగండి. ఒప్పందంలో బలవంతపు చాకిరీకి ఇచ్చిన అర్థం 1930 నుంచి మారలేదు కదా, మరి మారిందేమిటి? ప్రపంచకప్ వల్ల అని ఒకరంటారు, సంఘాల ఫిర్యాదు వల్ల అని ఇంకొకరు, పొరుగు దేశాల దిగ్బంధం వల్ల అని మరొకరు. నా ఉద్దేశంలో ఏ ఒక్కటీ చాలదు. ఫిర్యాదు లేకపోతే పత్రికల కోపం ఎటు పోవాలో తెలియకుండా చల్లారేది, దిగ్బంధం లేకపోతే ఫిర్యాదు ఇంకొన్నేళ్లు వాయిదాల్లో పడి ఉండేది. చట్టం ఒక పట్టు ఇచ్చింది, ఆ పట్టు దొరికించుకుని లాగడానికి మనుషులూ సమయమూ రెండూ కలిసి రావాల్సి వచ్చింది. పక్కనే ఉన్న దేశాల్లో ఇదే ఒప్పందం ఉండి కూడా ఇంత మార్పు ఎందుకు రాలేదో పోల్చి రాయండి, ఎల్ఎల్ఎం డిసర్టేషన్‌కి అంతకన్నా మంచి అంశం నాకు తెలియదు.

ఆ దిగ్బంధం నుంచే ఇంకో ముఖ్యమైన కేసు పుట్టింది. యూఏఈ తన దేశం నుంచి ఖతరీలను వెళ్లగొట్టినందుకు జాతి వివక్ష నిర్మూలన ఒప్పందం కింద ఆ దేశం మీద ఖతర్ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. ఒప్పందం నిషేధించే "జాతీయ మూలం" కిందికి ఇప్పుడున్న పౌరసత్వం రాదని 2021 ఫిబ్రవరిలో కోర్టు చెప్పి, కేసు వినే అధికారం లేదంది. ఆ ఒప్పందాన్ని చూసుకునే కమిటీ మాత్రం అదే తగాదాలో తనకు అధికారం ఉందని అంతకుముందే చెప్పింది. ఇద్దరు రాజుల గొడవగా దీన్ని వదిలేయకండి. చాలాచోట్ల ఒకే పనికి ఏ దేశం పాస్‌పోర్టు ఉందన్నదాన్ని బట్టి జీతం మారుతుంది. దాన్ని జాతి వివక్ష అని వాదించాలంటే ఈ తీర్పు అడ్డం వస్తుంది, దాటడానికి ఆ కమిటీ మాటే ఆసరా అవుతుంది.

మన వైపు రాజకీయం కూడా చదవాలి

అక్కడి ప్రభుత్వాలను తిట్టడం తేలిక. చదువు పూర్తవ్వాలంటే ఇటు కూడా అంతే నిక్కచ్చిగా చూడాలి. 2020 సెప్టెంబరులో, కోవిడ్ మధ్యలో, గల్ఫ్ దేశాలకు వెళ్లేవాళ్లకు ఉండాల్సిన కనీస వేతనాన్ని మన కేంద్ర ప్రభుత్వమే తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో పిల్ పడింది, 2021లో ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. పంపే దేశాల మధ్య పోటీ ఎలా ఉంటుందో, "మా వాళ్లు చవక" అని చెప్పుకునే ఒత్తిడి ఎంత ఉంటుందో ఈ ఒక్క సంఘటనలో తెలుస్తుంది.

ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్ల విషయం ఇంకా క్లిష్టం. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కి ఖద్దామాలుగా వెళ్లేవాళ్లకు 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. రక్షణ కోసమే అన్నారు. కానీ ఇంట్లో అప్పు ఉండి, 25 ఏళ్ల వయసుండి, వెళ్లక తప్పని ఆడమనిషి ఆగిపోదు, ఏజెంటు చెప్పినట్టు విజిట్ వీసా మీద వెళ్తుంది, అప్పుడు ఏ రికార్డులోనూ ఉండదు. మహిళల ఒప్పందం దృష్టితో చూస్తే ఈ వయసు నిబంధన రక్షణా, వివక్షా? నాకైతే ఇది ఆమెను ఇంకా ప్రమాదంలోకి నెట్టే నిబంధన అనిపిస్తుంది. మీరు ఒప్పుకోకపోవచ్చు, కానీ రెండు వైపులా వాదన రాసి చూడండి, అప్పుడే కాగితం మీది హక్కుకూ ఆమె పరిస్థితికీ మధ్య ఏముందో బయటపడుతుంది.

"ఇవన్నీ పాశ్చాత్య దేశాలు రుద్దినవి" అనే మాట మీకు తప్పకుండా ఎదురవుతుంది. ఇందులో కొంత నిజం ఉంది, 1948లో ప్రకటనకు 48 దేశాలు ఓటేసినప్పుడు ఆసియా, ఆఫ్రికాల్లో చాలా భాగం ఇంకా వలస పాలనలోనే ఉంది. కానీ అదే ప్రకటన మొదటి అధికరణంలో "పురుషులందరూ" అన్నదాన్ని "మానవులందరూ" అని మార్పించింది మన హంసా మెహతా. ఎవరైనా ఈ మాట అన్నప్పుడు ఆ అంటున్నది ఎవరో చూడండి, హక్కు అడుగుతున్న మనిషా, ఇవ్వాల్సిన ప్రభుత్వమా.

మనుషుల దగ్గరికి వెళ్లేటప్పుడు

తెలుగు నేల మీద పౌరహక్కుల సంఘాలు దశాబ్దాలుగా చేసిన నిజనిర్ధారణ పద్ధతి మీకు ఏ విదేశీ పాఠ్యపుస్తకం కన్నా తక్కువ పాఠం కాదు: ఊరికి వెళ్లడం, అన్ని పక్షాలతో మాట్లాడటం, చూసిందీ విన్నదీ విడివిడిగా రాయడం, తేలనిది తేలలేదని చెప్పడం. తిరిగొచ్చినవాళ్లతో మొదలుపెట్టండి. ఇంకా అక్కడే ఉన్నవాళ్ల పేరు, కంపెనీ, క్యాంపు, అఖామా ఫొటో ఏదీ ఎక్కడా పెట్టొద్దు, మీ ఫోన్‌లో కూడా అవసరం దాటి ఉంచొద్దు. మీ వ్యాసం వల్ల ఒక్క మనిషి మీద హురూబ్ పడినా ఆ వ్యాసం రాయకపోవడమే మేలు. "మీ హక్కులు ఉల్లంఘించారా" అని అడగకండి, ఎవరూ జవాబు చెప్పరు. ఎంత అప్పు చేశారు, ఎవరి దగ్గర, వడ్డీ ఎంత, ఏజెంటు ఏ పని అన్నాడు, వెళ్లాక ఏ పని ఇచ్చారు, పాస్‌పోర్టు ఎప్పుడు తీసుకున్నారు, జబ్బు చేస్తే ఏం చేశారు అని అడగండి. చనిపోయినవాళ్ల ఇంటికి వెళ్తే మరణ ధ్రువీకరణ పత్రంలో కారణం ఏం రాశారో చూడండి. ముప్పై ఏళ్ల మనిషి ఎండలో పనిచేసి చనిపోతే "గుండె ఆగింది, సహజ మరణం" అని చాలాసార్లు రాసి ఉంటుంది, ఆ ఒక్క ముక్కతో ప్రమాద బీమా దక్కదు, విచారణా ఉండదు. జీవించే హక్కు కింద ప్రభుత్వం మరణాన్ని విచారించాల్సిన బాధ్యత గురించి చదివేటప్పుడు ఆ పత్రం మీ కళ్ల ముందు ఉండాలి.

పత్రాలు ఎక్కడ దొరుకుతాయి

అన్నీ ఉచితంగా ఇంటర్నెట్‌లోనే ఉన్నాయి. ఎవరు చేరారు, ఏ షరతులు పెట్టారు అన్నదానికి ఐక్యరాజ్యసమితి ఒప్పందాల సంపుటి వెబ్‌సైట్, కార్మిక ఒప్పందాలకు అంతర్జాతీయ కార్మిక సంస్థ వెబ్‌సైట్ నార్మ్‌లెక్స్, కమిటీల పత్రాలకు మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం వెబ్‌సైట్. కమిటీ పత్రాలు చదివే వరుస ఇది: ముందు ప్రభుత్వం ఇచ్చిన నివేదిక, తర్వాత సంఘాలు ఇచ్చిన షాడో రిపోర్టులు, తర్వాత కమిటీ అడిగిన ప్రశ్నలు, చివర్లో కమిటీ ముగింపు పరిశీలనలు. ప్రభుత్వం ఏ ప్రశ్నకి జవాబు దాటేసిందో గీత పెట్టుకోండి. నివేదిక ఎంత ఆలస్యమైందో కూడా చూడండి. పౌర, రాజకీయ హక్కుల కమిటీ ముందుకు ఇండియా 1997లో వెళ్లింది, మళ్లీ వెళ్లింది 2024 జూలైలో.

డిగ్రీ గురించి కొద్దిగా. హైదరాబాద్‌లో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉన్నాయి, విదేశాల్లో కోర్సులు చాలా ఉన్నాయి, కానీ ఫీజు కట్టేముందు ఆ కోర్సులో సామాజిక శాస్త్రం, చరిత్ర పేపర్లు తీసుకోనిస్తారో లేదో కనుక్కోండి. నోట్స్ మాత్రం తెలుగులో రాసుకోండి, మీ అమ్మానాన్నలకి అర్థమయ్యేలా రాయలేకపోతే ఆ అధికరణం మీకింకా అర్థం కాలేదు.

కొంత చదివాక చదివినదాన్ని వాడండి. మానవ హక్కుల మండలిలో ప్రతి దేశానికీ కొన్నేళ్లకోసారి సమీక్ష జరుగుతుంది, యూపీఆర్ అంటారు. దానికి ఏ సంఘమైనా తన నివేదిక పంపొచ్చు, ఒక్క సంస్థ పంపితే 2,815 పదాలు, కొన్ని కలిసి పంపితే 5,630 పదాలు దాటకూడదు. గడువు సమీక్షకి చాలా నెలల ముందే ఉంటుంది, సమీక్షల క్యాలెండర్ చూసి ఇప్పుడే రాసిపెట్టుకోండి. మీ ఊరి వలస కార్మికుల సంఘంతో కూర్చుని, ముందు చెప్పిన ప్రశ్నలకు వాళ్లిచ్చిన జవాబుల నుంచి ఒకటి రెండు సమస్యలే తీసుకుని, ఒక్కోదానికి ఏ అధికరణం, ఏ ప్రభుత్వం బాధ్యత, సరిగ్గా ఏం చేయాలి అని రాయండి. "హక్కులు కాపాడాలి" అని రాస్తే ఏ దేశమూ ఎత్తుకోదు. "ఇళ్లలో పనికి వెళ్లే మహిళలకు పెట్టిన 30 ఏళ్ల నిబంధనను సమీక్షించాలి" అని రాస్తే ఏదో ఒక దేశం ప్రతినిధి దాన్ని తీసుకుని ఇండియాను అడిగే అవకాశం ఉంది, అడిగితే ఇండియా ఆ సిఫారసును ఒప్పుకున్నదీ లేనిదీ రికార్డులో చెప్పాలి.